ఆ అమ్మాయి కాలేజీ అప్పుకు నేను సంతకం పెట్టాలా?

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. కుదించి ఇస్తున్నాను.

ఆవిడది గుంటూరు దగ్గర ఊరు. మన్‌హాటన్‌లో ఒక బ్యాంకులో యూఎక్స్ డిజైనర్, అంటే యాప్‌లూ వెబ్‌సైట్లూ వాడేవాళ్ళకు సులువుగా ఉండేలా తీర్చిదిద్దే పని. భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అబ్బాయి ఎనిమిదో తరగతి. ఈ మధ్యే గ్రీన్‌కార్డు వచ్చింది, ఇల్లు కొనే ప్రయత్నంలో ఉన్నారు. శనివారాలు బ్రూక్లిన్‌లో ఒక లైబ్రరీకి వెళ్ళి హైస్కూలు పిల్లలకు ఉచితంగా డిజైన్ నేర్పుతారు. వచ్చేవాళ్ళు దాదాపు అందరూ నల్లజాతి పిల్లలు, లాటినో పిల్లలు. చాలామంది ఇళ్ళలో కాలేజీకి వెళ్ళినవాళ్ళే లేరు.

వాళ్ళలో పదిహేడేళ్ళ అమ్మాయి ఒకతి. తల్లి ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళను చూసుకునే పని చేస్తుంది. ఆవిడ చూసుకునే ఒక పెద్దామె పొద్దుటి మందులు రాత్రి, రాత్రి మందులు పొద్దున వేసేసుకుంటోందని ఈ పిల్ల ఒక చార్టు తయారుచేసింది. పొద్దుటి వరుస పసుపు, రాత్రి వరుస ముదురు నీలం మీద తెల్లటి పెద్ద అక్షరాలు, ప్రతి మాత్రకూ దాని అసలు సైజులో, అసలు రంగులో బొమ్మ, పక్కన టిక్కు పెట్టుకోవడానికి గడి. అది ఆ ముసలామె ఫ్రిజ్ మీద ఇప్పటికీ ఉందట. "మా ఆఫీసులో ఒక టీమ్ నెలల తరబడి కూర్చుని చేసే పని ఈ పిల్ల కిచెన్ టేబుల్ మీద చేసింది" అని రాశారు.

ఆ అమ్మాయికి మూడు చోట్ల సీటు వచ్చింది. ఒకటి న్యూయార్క్‌లోనే పేరున్న ప్రైవేటు ఆర్ట్ కాలేజీ. రెండోది ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎఫ్‌ఐటీ), మూడోది సిటీ టెక్, రెండూ ప్రభుత్వ కాలేజీలు. పిల్ల మనసంతా మొదటిదాని మీదే ఉంది. దానికి డబ్బు చాలదు. ప్రైవేటు లోన్ తీసుకుంటే కోసైనర్, అంటే హామీ సంతకం పెట్టే మనిషి, ఉండాలన్నారు, తల్లి క్రెడిట్ బాగాలేదు. ఒక శనివారం క్లాసయ్యాక ఆ అమ్మాయి "ఎవరో ఒకరు సంతకం పెట్టాలట" అని చెప్పి తల దించుకుంది. ఈవిడ నోట "చూద్దాం" అని వచ్చేసింది. తల్లేమో నర్సింగ్ చదవమంటోంది. ఈవిడ భర్త "ఇల్లు కొనే టైములో ఊరూపేరూ తెలియని పిల్లకు హామీ ఏంటి, అంతగా చేయాలనుంటే మన ఊళ్ళో పిల్లలు లేరా" అంటున్నారు. ఇండియా నుంచి వచ్చి ఉన్న అత్తగారు "ఆ నల్లవాళ్ళతో మనకెందుకమ్మా" అన్నారు. క్లాసులో ఇద్దరు పిల్లలు రావడం మానేశారు. మే 1 లోపు కాలేజీకి డిపాజిట్ కట్టాలి. ఏం చేయమంటారు అని అడుగుతున్నారు.

ఇక నా మాట.

అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు చిక్కులు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. అప్పు, తల్లి, మీ ఇల్లు, మీ క్లాసు. మిమ్మల్ని ఎక్కువ కుదిపేస్తున్నది మాత్రం ఆ "చూద్దాం" అన్న మాట అని నాకు అనిపిస్తోంది, అందుకే అక్కడ మొదలుపెడతాను. మీరు ఆ మాట ఏ ఉద్దేశంతో అన్నా, ఆ పిల్ల దాన్ని సగం మాట ఇచ్చినట్టే తీసుకుని ఉంటుంది. ఆ వయసులో, ఆ ఇంటి నుంచి వచ్చి, ఒక పెద్దమనిషిని అంత మాట అడగడానికి ఎంత ధైర్యం కూడగట్టుకుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకని ఏ నిర్ణయమైనా సరే, ఈ శనివారం దాటనీయకండి. పెట్టను అని చెప్పినా ఆమె తట్టుకుంటుంది. ఏమీ తేల్చకుండా ఏప్రిల్ నెలాఖరు దాకా నాన్చితే మాత్రం మిగతా రెండు సీట్లూ చేజారిపోయే ప్రమాదం ఉంది.

సంతకం సంగతి. పెట్టొద్దనే నా అభిప్రాయం. ఎందుకో లెక్కతో చెబుతాను, అంతా విన్నాక కూడా పెట్టాలనిపిస్తే కనీసం తెలిసి పెట్టినట్టవుతుంది.

ఆ ప్రైవేటు కాలేజీ ఆర్థిక సాయం గురించి ఇచ్చిన ఎయిడ్ లెటర్ ఫోటో మీరు పంపింది చూశాను. పైన పెద్ద అక్షరాలతో "మీకు మంజూరైన సాయం 44,560 డాలర్లు" అని ఉంది. పెన్ను తీసుకుని దాన్ని విడగొట్టండి. కాలేజీ ఇచ్చే స్కాలర్‌షిప్ 26,000. కేంద్ర ప్రభుత్వం పెల్ గ్రాంట్ 7,395. న్యూయార్క్ రాష్ట్రం ఇచ్చే టాప్ 5,665. ఇవి నిజంగా సాయం, తిరిగి కట్టక్కర్లేదు, మొత్తం 39,060. మిగిలిన 5,500 కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ లోన్, అంటే అప్పు. అప్పును కూడా సాయం కింద కలిపి కూడడం ఈ దేశంలో చాలా కాలేజీలకు అలవాటు. ఇంట్లో ఇలాంటి కాగితం ఇంతకుముందు చూసినవాళ్ళు లేకపోతే అది తేడాగా ఉందని కూడా తెలియదు. ఏడాది ఖర్చు 82,000 అని వేశారు, అందులో ఫీజు 59,000, హాస్టలూ తిండీ 17,000, సామానూ తదితరాలు 6,000. ఆ ఫెడరల్ లోన్ తీసుకున్నాక కూడా ఏడాదికి 37,440 తక్కువ పడుతుంది. ఫెడరల్ లోన్ తరవాతి ఏళ్ళలో కొంత పెరుగుతుంది కాబట్టి నాలుగేళ్ళకు తక్కువ పడేది 1,44,760. ఫెడరల్ లోన్ నాలుగేళ్ళకు కలిపి 27,000 దాకా వస్తుంది కాబట్టి అంతా కలిపి లక్షా డెబ్బై ఒక్క వేల డాలర్ల పైచిలుకు అప్పు. వడ్డీ వేయలేదు, ఫీజు పెరగదనుకుని చెప్పిన లెక్క ఇది.

మీరు ఇంకోటి గమనించారో లేదో, ఈ సంతకం ఒక్కసారితో అయిపోయేది కాదు. ప్రైవేటు లోన్ మామూలుగా ఏ ఏటికి ఆ ఏడు తీసుకోవాలి, ప్రతి ఏడూ కోసైనర్ కావాలి. రెండో ఏడు తరవాత మీ ఇంటి లోన్ వల్లో, ఉద్యోగం పోవడం వల్లో, ఇంట్లో గొడవ వల్లో మీరు వెనక్కి తగ్గితే ఆ పిల్లకు సగం డిగ్రీ, ఫెడరల్ లోన్‌తో కలిపి ఎనభై అయిదు వేల పైచిలుకు అప్పు మిగులుతాయి. అంతకన్నా ఘోరం ఇంకోటి లేదు. ఇక మీ వైపు చూస్తే, ఆ లోన్ మొత్తం మీ క్రెడిట్ రిపోర్టులో మీ అప్పుగానే కనిపిస్తుంది. ఇంటి లోన్ ఇచ్చే బ్యాంకు దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఆ అమ్మాయి ఒక్క నెల ఆలస్యంగా కట్టినా మీ స్కోరు పడుతుంది. తరవాత కోసైనర్‌ని తప్పించే వీలుందని చెబుతారు కానీ, వరుసగా ఇన్ని నెలలు సక్రమంగా కట్టాలి, తన జీతం ఇంత ఉండాలి అని అప్పిచ్చినవాళ్ళు పెట్టే షరతులు దాటాలి. వీటన్నిటికన్నా నాకు భయం కలిగించేది, మీకూ ఆ అమ్మాయికీ మధ్య ఉన్న గురుశిష్య సంబంధం అప్పిచ్చిన సంబంధంగా మారడం. అప్పుడు క్లాసులో ఆమె మీతో మనసు విప్పి మాట్లాడలేదు. మీరు ఆమె పనిలో తప్పు చూపించడానికి కూడా వెనకాడతారు.

ఆ కాలేజీని ఇప్పుడే వదిలేసుకోమని కాదు. డిపాజిట్ గడువు లోపు చేయగలిగినవి ఉన్నాయి. తల్లి ఆదాయం వివరాలతో, ఈ మధ్య ఇంట్లో ఏమన్నా మారి ఉంటే ఆ కాగితాలతో, ఎయిడ్ ఆఫీసుకు అప్పీల్ రాయవచ్చు. ప్రభుత్వ కాలేజీల్లో తనకు ఖర్చు ఎంత తగ్గుతుందో కూడా రాయాలి. అడిగితే ఏమనుకుంటారో అని ఇలాంటి ఇళ్ళవాళ్ళు అడగరు. డబ్బున్న ఇళ్ళవాళ్ళు మాత్రం మొహమాటపడకుండా అడుగుతారు. అలాగే న్యూయార్క్ రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీల్లో హెచ్‌ఈఓపీ అని ఒక పథకం ఉంది, తక్కువ ఆదాయం ఉన్న రాష్ట్రవాసుల పిల్లలకు డబ్బుతో పాటు ట్యూటరింగ్, కౌన్సెలింగ్ కూడా ఇస్తారు. దాన్లోకి చేరేటప్పుడే తీసుకుంటారు, ఒకసారి చేరాక కుదరదు. ఆమెను ఆ దారిలో పరిశీలించారా లేదా అని ఫోన్ చేసి కనుక్కోవాలి. ఎఫ్‌ఐటీ లాంటి రాష్ట్ర కాలేజీల్లో దీన్నే ఈఓపీ అంటారు, సిటీ టెక్ ఉన్న న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం క్యూనీలో సీక్ అంటారు. ఇంకోటి, ఇల్లు బ్రూక్లిన్‌లోనే కదా, హాస్టల్ మానేసి ఇంటి నుంచి వెళితే 17,000 తగ్గుతుంది. అప్పుడు మొదటి ఏడాది 20,440, నాలుగేళ్ళకు డెబ్బై ఆరు వేల పైమాటే. అదీ ఎక్కువే. అప్పీల్‌తో కాలేజీ ఇంకా దిగివచ్చి, ఫెడరల్ లోన్ దాటి బయట అప్పు చేయక్కర్లేని స్థితి వస్తే సంతోషంగా చేరమనండి. డిజైన్ చదివే పిల్ల కాలేజీ నుంచి బయటికొచ్చేటప్పటికి ఆ 27,000 దాటి అప్పు ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. కాలేజీవాళ్ళు తల్లి పేరు మీద పేరెంట్ ప్లస్ లోన్ తీసుకోమని కూడా అనవచ్చు. 2026 జూలై నుంచి దానికి ఏడాదికి 20,000, ఒక్కో బిడ్డకు మొత్తం 65,000 అని పరిమితి పెట్టారు. ఆ అప్పు పూర్తిగా తల్లిదే, గంటల లెక్కన జీతం తీసుకునే మనిషి తలకు మించిన భారం. క్రెడిట్ కారణంగా దాన్ని తిరస్కరిస్తే పిల్లకు ఫెడరల్ లోన్ ఏడాదికి ఇంకో నాలుగైదు వేల దాకా పెంచుతారు. అంతకుమించి అక్కడ ఒరిగేది లేదు.

ఇప్పుడు ఆ పిల్ల మొహం తిప్పుకుంటున్న రెండు కాలేజీలు చూద్దాం. సిటీ టెక్‌లో ట్యూషన్ ఏడాదికి 6,930. ఆమెకు వచ్చే పెల్ ఒక్కటే దానికన్నా ఎక్కువ. టాప్ ట్యూషన్‌కే వాడాలి కాబట్టి అది ముందు పోయి, పెల్‌లో మిగిలింది సామానుకూ ప్రయాణానికీ చేతికి వస్తుంది. డౌన్‌టౌన్ బ్రూక్లిన్‌లో ఉంటుంది, కమ్యూనికేషన్ డిజైన్‌లో బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది. ఎఫ్‌ఐటీలో మొదట రెండేళ్ళ డిగ్రీ, తరవాత మళ్ళీ అప్లై చేసుకుని ఇంకో రెండేళ్ళు. రాష్ట్రవాసులకు ట్యూషన్ మొదట అయిదు వేల పైచిలుకు, తరవాత ఏడు వేల పైచిలుకు. న్యూయార్క్‌లో ఫ్యాషన్, ప్యాకేజింగ్, గ్రాఫిక్స్ కంపెనీల్లో దాని పేరు తెలియనివాళ్ళు ఉండరు. నష్టాలు లేవని చెప్పను. ప్రభుత్వ కాలేజీల్లో టీచర్లు చాలామంది పార్ట్‌టైమ్, క్లాసులు కిక్కిరిసి ఉండొచ్చు, సగం మంది పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటూ చదువుతుంటారు కాబట్టి రాత్రి పదింటి దాకా స్టూడియోలో కలిసి కూర్చునే వాతావరణం తక్కువ. పేరున్న ప్రైవేటు కాలేజీలో డబ్బు పోసి కొనుక్కునేది ముఖ్యంగా ఆ వాతావరణాన్నీ, ఆ పరిచయాలనీ. సిటీ టెక్‌కు వెళితే అవి తనంతట తాను కూడగట్టుకోవాలి. ఇలా చూస్తే మీ అవసరం సంతకం కన్నా అక్కడే ఎక్కువ, దాని గురించి కిందకి వస్తాను.

మూడో దారి కూడా ఉంది, ఏడాది ఆగి న్యూయార్క్‌లోనే ఉన్న కూపర్ యూనియన్ అనే ప్రైవేటు కాలేజీకి ప్రయత్నించడం. చేరినవాళ్ళందరికీ కనీసం సగం ట్యూషన్ స్కాలర్‌షిప్ ఇస్తారు, చివరి ఏడాది ట్యూషన్ ఎత్తేస్తామని 2024లో ప్రకటించారు. ఎంట్రన్స్ కింద ఇంట్లో కూర్చుని చేయమని కొన్ని ప్రాజెక్టులు ఇస్తారు, మందుల చార్టు చేసిన పిల్లకు అలాంటి పరీక్ష అచ్చొస్తుంది. కానీ సీట్లు చాలా తక్కువ. పైగా ఒక ఏడాది ఇంట్లో ఉన్న పిల్ల ఉద్యోగంలో పడి చదువు వైపు తిరిగిరాకపోవడం ఇలాంటి కుటుంబాల్లో మామూలుగా జరిగేదే. ఆగడం కన్నా సిటీ టెక్‌లో చేరి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫర్‌కు ప్రయత్నించడం మేలు. అయితే కొన్ని కాలేజీల పెద్ద స్కాలర్‌షిప్పులు మొదటి ఏడు చేరేవాళ్ళకే ఉంటాయి, అది కూడా ఆమెకు ముందే చెప్పాలి.

ఇక తల్లి. మీ ఉత్తరంలో ఆవిడ అడ్డంకిలా కనిపిస్తోంది. నాకు మాత్రం ఆవిడ చెప్పేదాంట్లో న్యాయం కనిపిస్తోంది. అమెరికా కార్మిక శాఖ 2024 లెక్కల్లో రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ జీతం సుమారు 93 వేల డాలర్లు, గ్రాఫిక్ డిజైనర్‌ది సుమారు 61 వేలు. మీలాగా యాప్‌లూ వెబ్‌సైట్లూ చేసేవాళ్ళకు ఎక్కువే వస్తుంది, అయినా ఆవిడకు అది ఎలా తెలుస్తుంది? ఆవిడ పనిచేసే ఇళ్ళకు వారానికోసారి నర్సు వస్తుంది, ఆ నర్సుకు కారుంది, ఇన్సూరెన్సుంది, పెన్షనుంది. డిజైనర్ అనే మనిషి ఆవిడ జీవితంలో ఎదురుపడింది మీరొక్కరే అయి ఉంటారు. మనిళ్ళల్లో ఎంసెట్ రోజుల్లో ఫైన్ ఆర్ట్స్ అంటే అమ్మానాన్నలు గుండె పట్టుకున్నది ఎందుకో ఈవిడ భయమూ అందుకే, కాకపోతే ఈవిడకు వెనకాల అరెకరం పొలం కూడా లేదు.

అందుకని ఆవిడను ఒప్పించడానికి వెళ్ళకండి. కూతురికి మీరంటే ఉన్న అభిమానాన్ని తల్లి మీదకు ఆయుధంగా వాడొద్దు. ఆవిడ రమ్మంటేనే, ఆవిడకు వీలైన రోజే వెళ్ళండి. మూడు కాలేజీల కాగితాలూ ఒక పెన్నూ పట్టుకెళ్ళి, పైన నేను విడగొట్టినట్టే ఆవిడ ముందు విడగొట్టండి. "మీ అమ్మాయి చాలా టాలెంటెడ్" అని మొదలుపెట్టకండి, అది ఆవిడకు తెలుసు. భయం దేని గురించో అడిగి వినండి. ఏఐ వచ్చి డిజైన్ ఉద్యోగాలు పోతాయట కదా అని అడిగితే, కొన్ని రకాల పనులు ఇప్పటికే తగ్గుతున్నాయని నిజం చెప్పండి. ఆ తరవాత మందుల చార్టు సంగతి ఎత్తండి. డెబొరా ఆడ్లర్ అని ఒక డిజైనర్, న్యూయార్క్ స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్‌లో చదువుతున్నప్పుడు, వాళ్ళ నాయనమ్మ పొరపాటున తాతయ్య మందులు వేసుకుంది. ఆ సంఘటన నుంచే ఆమె మందుల సీసాను మళ్ళీ మొదటి నుంచి ఆలోచించి తన థీసిస్‌గా చేసింది. 2005లో టార్గెట్ దుకాణాలు ఆ సీసాను దేశమంతా వాడాయి, ఇప్పుడది న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం మోమా సేకరణలో ఉంది. కూతురు చేసింది సరిగ్గా అదే రకం పని అని తల్లికి తెలియాలి. ఆసుపత్రులకూ ఇన్సూరెన్స్ కంపెనీలకూ ఇలాంటి పని చేసేవాళ్ళు కావాలి, దానికి జీతాలున్నాయి, అది బొమ్మలు గీసుకోవడం కాదు అని తెలియాలి.

సిటీ టెక్‌లో నర్సింగ్ కూడా ఉంది. పోటీ ఎక్కువే, మొదటి సెమిస్టర్లలో మంచి మార్కులు తెచ్చుకుంటేనే లోపలికి తీసుకుంటారు. కానీ తల్లీకూతుళ్ళు ఈ రోజే తెగేదాకా లాగక్కర్లేదు, ఒక ఏడాది చూసి అక్కడే దారి మార్చుకునే వీలుంది. ఒకవేళ ఆ అమ్మాయి నర్సింగే ఎంచుకుంటే మీరు చేసినదంతా వృథా అయిందని దయచేసి అనుకోకండి. నిర్ణయం వాళ్ళిద్దరిది.

ఒక మాట ఆ అమ్మాయితో మీరే మాట్లాడాలి. ఆ చార్టు ఆమె పోర్ట్‌ఫోలియోలో, అంటే కాలేజీలకు చూపించే తన పనుల సంకలనంలో, ఉందా? మీరు పంపిన పేజీల్లో నాకు కనిపించలేదు, అనిమే బొమ్మలూ, ఒక సెల్ఫ్ పోర్ట్రెయిటూ, స్నీకర్ పోస్టరూ ఉన్నాయి. ఇలాంటి పిల్లలు తమ ఇంట్లో చేసిన నిజమైన పనిని పోర్ట్‌ఫోలియోలో పెట్టరు, అది డిజైన్ అని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు కాబట్టి. అప్పీల్‌తో పాటు ఆ చార్టు ఫోటో, అది వాడాక ఆ ముసలామెకు ఏం మారిందో నాలుగు లైన్లు అడ్మిషన్ ఆఫీసుకు పంపమనండి. ఫ్రిజ్ మీద ఉన్నదాన్ని ఉన్నట్టే, అయస్కాంతాలతో సహా ఫోటో తీయమనండి, మందుల పేర్లూ ఆ పెద్దామె పేరూ మాత్రం కనిపించకుండా చూసుకోవాలి.

డిజైన్ రంగంలో నల్లజాతివాళ్ళు ఎందుకు ఇంత తక్కువ అన్న ప్రశ్న కొత్తది కాదు. షెరిల్ మిల్లర్ అనే డిజైనర్ 1985లో బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఆర్ట్ కాలేజీలో దీనిమీదే థీసిస్ రాశారు, 1987లో ప్రింట్ పత్రికలో అచ్చయిన ఆమె వ్యాసం ఇప్పటికీ క్లాసుల్లో చదివిస్తారు. అంతకు ముందు తరం నల్లజాతి డిజైనర్ చార్ల్స్ హారిసన్. మీకు వ్యూమాస్టర్ గుర్తుండే ఉంటుంది, కళ్ళకు పెట్టుకుని మీట నొక్కితే బొమ్మ మారేది, గల్ఫ్ నుంచి ఎవరైనా వస్తే తెచ్చేవారు. 1950ల చివర్లో దాన్ని పిల్లల చేతికి సరిపోయేలా కొత్తగా రూపొందించిన బృందంలో ముఖ్యుడాయన. 1956లో పెద్ద దుకాణాల సంస్థ సియర్స్‌లో ఉద్యోగానికి వెళితే నల్లవాళ్ళను తీసుకోకూడదన్న కాగితం మీద లేని నియమం అడ్డొచ్చింది. అప్పుడు ఆయన పాత మాస్టారు హెన్రీ గ్లాస్ తన ఆఫీసులో పనిచ్చారు. 1961లో అదే సియర్స్ ఆయన్ను తీసుకుంది, తరవాత అక్కడ డిజైన్ విభాగానికే పెద్ద అయ్యారు, 750కి పైగా వస్తువులు చేశారు. హెన్రీ గ్లాస్ తన శిష్యుడికి పక్కన కూర్చునే చోటు ఇచ్చారు, అప్పటికి కావలసింది అదే.

మీరు ఇవ్వగలిగిందీ అదే, మీ స్థానంలో ఉన్నవాళ్ళే ఇవ్వగలరు. మీ బ్యాంకులో డిజైన్ ఇంటర్న్‌షిప్పులు ఉన్నాయా? అవి ఎవరికి వెళుతున్నాయో చూడండి, చాలావరకు మేనేజర్ల పరిచయస్థుల పిల్లలకే వెళుతుంటాయి. సిటీ నడిపే సమ్మర్ యూత్ ఎంప్లాయ్‌మెంట్ ప్రోగ్రామ్ 14 నుంచి 24 ఏళ్ళ పిల్లలకు వేసవిలో జీతంతో పని ఇప్పిస్తుంది, కంపెనీలు వాళ్ళను తీసుకోవచ్చు. మీ టీమ్‌లోకి ఏటా ఇద్దరిని తీసుకునేలా మీ మేనేజర్‌ని ఒప్పించడం మీకు సంతకం కన్నా కష్టమే కావచ్చు, నెలలు పడుతుంది, అయినా దాంతో ఈ అమ్మాయి తరవాత ఇంకో పదిమందికి దారి పడుతుంది. జీతం లేని ఇంటర్న్‌షిప్ మాత్రం ఇప్పించకండి. సాయంత్రం ఫార్మసీలో క్యాష్ కౌంటర్ దగ్గర నిలబడితే తప్ప ఇల్లు గడవని పిల్లలు దాన్ని తీసుకోలేరు, తీసుకోగలిగినవాళ్ళు ముందుకు పోతారు. కాలేజీలో చేరాక నెలకోసారి ఆమె పని చూసి నిర్మొహమాటంగా చెప్పండి. మీ స్నేహితులకు ఆమెను పరిచయం చేయండి. సిటీ టెక్‌లో ఉండని పరిచయాలు అలా వస్తాయి.

డబ్బు రూపంలో కూడా ఏదైనా చేయాలని మీకు ఉంది, అది తప్పు కాదు. మీరూ మీవారూ కూర్చుని, పోయినా బాధపడని మొత్తం ఒకటి అనుకోండి. వెయ్యి కావచ్చు, మూడు వేలు కావచ్చు. అప్పుగా కాకుండా ఇచ్చేసినట్టే ఇవ్వండి. డిజైన్ సాఫ్ట్‌వేర్ తట్టుకునే లాప్‌టాప్ ఈ పిల్లలకు మొదట ఎదురయ్యే పెద్ద ఖర్చు. స్కూల్ క్రోమ్‌బుక్‌తో నాలుగేళ్ళు నెట్టుకురాలేరు. కాలేజీకి నేరుగా ట్యూషన్ కడితే దానిమీద గిఫ్ట్ టాక్స్ ఉండదు, ఎంత కట్టినా. కానీ బయటి నుంచి వచ్చిన డబ్బు చూసి కాలేజీ తన స్కాలర్‌షిప్ తగ్గించేసుకునే ప్రమాదం ఉంది, కట్టేముందు ఎయిడ్ ఆఫీసును అడగమనండి. మీ పేరు బయటికి రాకుండా, మీరు క్లాసు చెప్పే సంస్థ ద్వారా అందరు పిల్లలకూ వర్తించే చిన్న నిధిగా ఇస్తే ఆ అమ్మాయి మీకు రుణపడినట్టు ఉండదు. అప్పుడు ఈ అమ్మాయికే చెందాలని పట్టుబట్టకూడదు. ఏది మీకు సరిపోతుందో చూసుకోండి.

మీ ఇంటి సంగతి. మీవారి మాటల్లో రెండున్నాయి, వాటిని విడివిడిగా చూడండి. ఇల్లు కొనే టైములో లక్షన్నర డాలర్ల హామీ వద్దనడం సబబే, ఆ మాట ఆయనతో ఒప్పుకోండి, ఇంట్లో సగం వేడి అక్కడే దిగుతుంది. "మన ఊళ్ళో పిల్లలు లేరా" అన్నదానికి జవాబు, ఉన్నారు, వాళ్ళకూ చేద్దాం. శనివారం రెండు గంటలు బ్రూక్లిన్‌లో ఇస్తే గుంటూరు పిల్లలకు తగ్గిపోయేదేమీ లేదు.

అత్తగారి మాట వేరు. దాన్ని పెద్దావిడ కదా అని వదిలేయకండి, ఎందుకంటే మీ అబ్బాయి వింటున్నాడు, వాడి క్లాసులో నల్లజాతి పిల్లలుంటారు. గట్టిగా అరిచి చెప్పక్కర్లేదు, మీవారే చెబితే ఇంకా మంచిది. మనం ఈ దేశానికి రాగలిగింది 1965 ఇమిగ్రేషన్ చట్టం వల్ల. అంతకు ముందు ఇండియా నుంచి ఏడాదికి వంద మందికే కోటా ఉండేది. ఆ చట్టం ఊడిపడలేదు, నల్లజాతివాళ్ళు రోడ్ల మీద దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి, 1964 పౌరహక్కుల చట్టం తెప్పించుకున్న ఊపులోనే వచ్చింది. మన తలుపు తెరుచుకోవడానికి ముందు తోసింది వాళ్ళు. ఆ పిల్లకు మీరు దానం చేస్తున్నారని ఇంట్లో ఎవరూ అనుకోకూడదు, మీరు కూడా.

రావడం మానేసిన ఇద్దరి గురించి మీరు మీ బోధన బాగాలేదేమో అని బాధపడుతున్నారు. ముందు వాళ్ళకు మెసేజ్ పెట్టి కనుక్కోండి. శనివారం ఉద్యోగం దొరికి ఉండవచ్చు, తమ్ముణ్ణి చూసుకోవాల్సి వచ్చి ఉండవచ్చు. సంస్థతో మాట్లాడి రానూపోనూ సబ్‌వే ఛార్జీలూ, తినడానికి ఏదైనా ఏర్పాటు చేయించండి. పదో తరగతి, పదకొండో తరగతి పిల్లలకు కూపర్ యూనియన్ శనివారం క్లాసుల గురించి చెప్పండి. 1968 నుంచి న్యూయార్క్ ప్రభుత్వ హైస్కూలు పిల్లలకు ఉచితంగా నడుస్తున్నాయి, అక్కడ పోర్ట్‌ఫోలియో తయారుచేయిస్తారు. స్నీకర్లు తప్ప ఇంకేమీ గీయనంటున్నాడని మీరు రాసిన మీ క్లాసు కుర్రాడికి డెట్రాయిట్‌లో పెన్సోల్ లూయిస్ కాలేజీ ఉందని చెప్పండి. మూతపడ్డ పాత నల్లజాతి కాలేజీని డిజైన్ కాలేజీగా 2022లో మళ్ళీ తెరిచారు. దాన్ని నడిపే డ్వేన్ ఎడ్వర్డ్స్ కాలేజీకి డబ్బులేక ఒక షూ కంపెనీలో ఫైళ్ళు సర్దే ఉద్యోగంలో చేరి, సలహాల డబ్బాలో రోజుకో షూ బొమ్మ వేస్తూ పోతే ఆర్నెల్లకు డిజైనర్‌గా తీసుకున్నారు. కథ బాగుంటుంది, కానీ అందరికీ అలా జరగదని కూడా అదే నోటితో చెప్పండి. పదకొండో తరగతిలో ఉన్న ప్రతి పిల్లతోనూ ఈ వేసవిలోనే కాలేజీల ఖర్చు లెక్క వేయించండి. ఈ అమ్మాయికి ఏప్రిల్‌లో తెలిసింది వాళ్ళకు అక్టోబరుకే తెలిసి ఉంటే హెచ్‌ఈఓపీకి సకాలంలో అప్లై చేస్తారు.

ఈ వారం పని మాత్రం ఇది. శనివారం ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, సంతకం పెడుతున్నారో లేదో ఒక్క వాక్యంలో చెప్పండి, కారణాలు తరవాత. పెట్టనని చెబితే అదే నోటితో అప్పీల్ లెటర్ రాయడానికి ఎప్పుడు కూర్చుందామో కూడా అడగండి. సిటీ టెక్, ఎఫ్‌ఐటీ రెండింటికీ గడువు తేదీలు ఆమె ఫోన్‌లోనే రాయించండి. డిపాజిట్ కట్టలేని ఇళ్ళకు మినహాయింపు ఉంటుందేమో అడిగి చూడమనండి, అడగాల్సింది అడ్మిషన్ ఆఫీసును, ఈమెయిల్‌లో, జవాబు కాగితం మీద ఉండేలా.